అరగంట ముందు ప్రవేశం కోసం డిస్నీ హోటల్‌లోనే దిగాలా?

ఆల్ఫరెట్టా నాన్న:

సభ్యులందరికీ నమస్కారం. జూన్ మొదటి వారంలో ఓర్లాండోలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు వెళ్ళి నాలుగు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉన్న అమ్మానాన్నలు, నా భార్య, నేను, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మొత్తం ఆరుగురం అట్లాంటా దగ్గరి ఆల్ఫరెట్టా నుంచి కారులోనే బయలుదేరుతాము.

ఎక్కడ దిగాలన్న దానిపైన ఇంట్లో మాట కుదరడం లేదు. డిస్నీ వారి ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్‌లో ఆరుగురికి సరిపోయే ఫ్యామిలీ సూట్ ఒకటి చూశాము. కిస్సిమ్మీ వైపు వంటిల్లు ఉన్న రెండు పడకగదుల ఇల్లు కూడా అద్దెకు దొరుకుతోంది. పన్నులతో కలిపి చూస్తే రెండింటికీ రాత్రికి 300 డాలర్లకు పైగా తేడా ఉంది, అంటే మొత్తం మీద 1,200 డాలర్ల మాట. డిస్నీ హోటల్‌లో దిగిన వారిని పార్కు తెరవడానికి అరగంట ముందే లోపలికి పంపుతారు కాబట్టి అది మేలని నా భార్య అంటున్నది. పాతికకు పైగా హోటళ్ళలో దిగిన వారందరికీ అదే సదుపాయం ఉన్నప్పుడు, ఆ అరగంటలో మనకు ఒరిగేది ఏమిటన్నది నా సందేహం.

ఇది తిరుమలలో మూడు వందల రూపాయల దర్శనం లాంటిదా అని అమ్మ అడిగింది. నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి ఉంది, ఎక్కువసేపు నిలబడలేదు. ఈ సదుపాయాన్ని నిజంగా వాడుకున్న వారు తమ అనుభవం చెప్పగలరని కోరుతున్నాను.

టాంపా నివాసి:

నమస్కారమండీ. మేము గంటన్నర దూరంలోనే ఉంటాము కాబట్టి ఊరి నుంచి వచ్చిన చుట్టాలను తీసుకుని ఏడాదికి రెండు మూడు సార్లయినా అక్కడికి వెళ్తుంటాము. హోటల్‌లో దిగీ వెళ్ళాము, ఇంటి నుంచి తెల్లవారుజామున బయలుదేరీ వెళ్ళాము కనుక రెండు వైపులా ఎలా ఉంటుందో తెలుసు.

ముందుగా అమ్మగారి ప్రశ్నకు జవాబు. మూడు వందల రూపాయల దర్శనంతో పోల్చదగినది అక్కడ లైట్నింగ్ లేన్, అంటే అదనంగా డబ్బు కట్టి వేరే వరుసలో వెళ్ళడం. ముందు ప్రవేశం అలాంటిది కాదు. మామూలు వరుసలోనే నిలబడతారు, కాకపోతే ఆ వరుస ఇంకా పెరగక ముందు నిలబడతారు. అందుకే దాని విలువ మీరు గేటు దగ్గరికి ఎన్ని గంటలకు చేరుకున్నారన్న దానిని బట్టే ఉంటుంది. పార్కు తొమ్మిదికి తెరుస్తారనుకుందాం. హోటల్ వారికి ఎనిమిదిన్నరకు లోపల రైడ్లు మొదలవుతాయి. ఆ ఎనిమిదిన్నరకు మీరు గేటు దగ్గర బ్యాగులు తనిఖీ చేయించుకుంటూ ఉంటే ఆ అరగంట చేజారినట్లే. ఏడూ ముప్పావుకు గేటు ముందు ఉన్నవారికి మాత్రం అది పూర్తిగా దక్కుతుంది.

మరి హోటల్‌లో దిగిన వారంతా వస్తే మళ్ళీ అదే గుంపు కదా అన్నారు. అందరికీ హక్కు ఉన్న మాట నిజమే, కానీ అందరూ లేచి రారు. పైగా ఇది డిస్నీ వరల్డ్‌లోని నాలుగు పార్కుల్లోనూ (మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్, యానిమల్ కింగ్‌డమ్) ప్రతిరోజూ ఉంటుంది. 2020కి ముందు ఎక్స్‌ట్రా మ్యాజిక్ అవర్స్ అని వేరే పద్ధతి ఉండేది. అందులో ఉదయం పూట రోజుకు ఒక పార్కును మాత్రమే గంట ముందు తెరిచేవారు, దానితో హోటళ్ళ వారంతా ఆ రోజు ఆ పార్కుకే వెళ్ళి, మధ్యాహ్నానికి అది క్రిక్కిరిసిపోయేది. 2021 అక్టోబరులో ఇప్పటి అరగంట పద్ధతి వచ్చాక జనం నాలుగు వైపులకు సర్దుకున్నారు. సమయం సగానికి తగ్గినా, నా లెక్కలో ఇదే మెరుగు. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ పాత పద్ధతిని వివరించే వ్యాసాలు చాలా ఉన్నాయి. విమానాశ్రయం నుంచి ఉచిత బస్సు ఉంటుందని చెప్పేవి కూడా అలాంటివే, ఆ బస్సు 2021తోనే ఆగిపోయింది. మీరు కారులో వెళ్తున్నారు కనుక దానితో మీకు పని లేదనుకోండి.

ఆ అరగంటలో మొత్తం పార్కు తెరవరని కూడా గుర్తుంచుకోవాలి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో ఫాంటసీల్యాండ్, టుమారోల్యాండ్ వైపు రైడ్లు నడుస్తాయి. మిగిలిన వారిని పార్కు మధ్యలోని కోట ముందు ఆపి, హోటల్ బస ఉన్నవారిని మాత్రమే చేతి పట్టీనో ఫోనునో స్కాన్ చేసి లోపలికి పంపుతారు. నిరుడు మా మేనల్లుడి కుటుంబంతో వెళ్ళినప్పుడు నేరుగా పీటర్ పాన్ రైడ్‌కు నడిచి, పది నిమిషాలు కూడా నిలబడకుండానే ఎక్కి దిగాము. అక్కడి నుంచి సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కు వెళ్ళి దిగేసరికి తొమ్మిదీ ఐదు. పదకొండు గంటలకు మళ్ళీ అటు నుంచి వస్తూ చూస్తే పీటర్ పాన్ బోర్డు మీద 75 నిమిషాలని ఉంది. అరగంట ముందు వచ్చినందుకు మాకు మిగిలింది అరగంట కాదు, రెండు గంటలకు దగ్గర.

జూన్ అన్నారు కాబట్టి మరొక మాట. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు దాదాపు రోజూ ఉరుములు మెరుపులతో వాన పడుతుంది. మెరుపులు దగ్గరికి రాగానే బయట తిరిగే రైడ్లను ఆపేస్తారు. మైన్ ట్రైన్, హాలీవుడ్ స్టూడియోస్‌లోని స్లింకీ డాగ్, ఎప్‌కాట్‌లోని టెస్ట్ ట్రాక్ అన్నీ అలా గంటల తరబడి ఆగిపోవచ్చు. వాటిని సాయంత్రానికి వాయిదా వేసుకున్న పిల్లలు ఏడుస్తూ వెనక్కి రావడం నేను చూశాను. జనవరిలో వెళ్ళేవారి కంటే జూన్‌లో వెళ్ళేవారికే ఉదయం ఎక్కువ విలువైనది. ఎండ కూడా పది దాటితే పెద్దవారు తట్టుకోలేరు.

డాలస్ కోడలు:

టాంపా వారు చెప్పిన దానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే మగవారు సాధారణంగా లెక్కలోకి తీసుకోని ఒక విషయం చెప్పదలచుకున్నాను, దయచేసి మరోలా అనుకోవద్దు. వంటిల్లు ఉన్న ఇల్లు చవక అంటున్నారు కదా, ఆ వంటింట్లో ఉదయం ఎవరు నిలబడతారో ముందు మాట్లాడుకోండి.

మేము రెండేళ్ళ క్రితం అత్తగారు మామగారితో వెళ్ళినప్పుడు సరిగ్గా ఇదే లెక్క వేసుకుని ఇల్లు అద్దెకు తీసుకున్నాము. వంటిల్లు ఉన్నాక ఊరికే ఉండబుద్ధి కాదు. మొదటి రోజు ఉదయం అత్తయ్య గారు ఐదింటికే లేచి ఉప్మా, పులిహోర చేశారు, నేను గిన్నెలు కడిగి డబ్బాలు సర్దాను, మామయ్య గారికి రెండోసారి కాఫీ ఇచ్చి కారు ఎక్కేసరికి తొమ్మిదిన్నర. ప్రకటనలో పార్కుకు పదిహేను నిమిషాలని రాశారు, కానీ వేసవి ట్రాఫిక్‌లో నలభై నిమిషాలు పట్టింది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో వెళ్ళేవారు గేటు దగ్గర కారు పెట్టలేరన్నది అక్కడికి వెళ్ళాకే తెలిసింది. సరస్సుకు ఇవతల ఉన్న స్థలంలో పార్క్ చేసి, అక్కడి నుంచి మోనోరైలో పడవో ఎక్కాలి. మేము గేటు దాటేసరికి పదకొండు దాటింది. హోటళ్ళ నుంచి వచ్చే డిస్నీ బస్సులు గేటుకు దగ్గరగా దింపుతున్నాయని మేము అప్పుడు కళ్ళారా చూశాము. ఆ రోజంతా మా పాప మైన్ ట్రైన్ అని అడుగుతూనే ఉంది, చివరికి ఎక్కించలేకపోయాము.

పార్కింగ్ ఖర్చు కూడా మీ 1,200 డాలర్లలో నుంచి తీసివేయండి. బయట దిగిన వారికి పార్కుల దగ్గర రోజుకు 30 డాలర్లకు తక్కువ కాదు. డిస్నీ హోటల్‌లో దిగిన వారికి పార్కుల దగ్గరా హోటల్ దగ్గరా కూడా పార్కింగ్‌కు డబ్బు కట్టనవసరం లేదు.

మీరు చూసిన ఫ్యామిలీ సూట్‌లో పొయ్యి ఉండదు కానీ ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయి, రెండు స్నానాల గదులు ఉంటాయి. ఉదయం ఆరుగురు త్వరగా తెమలాలంటే వంటింటి కంటే ఆ రెండో స్నానాల గదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

మనుమలతో తాతయ్య:

నా వయసు 68. మా అమ్మాయి కుటుంబంతో రెండుసార్లు డిస్నీకి వెళ్ళాను కాబట్టి పెద్దవారి తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది.

బాబూ, ఉదయం లేవడం మీ అమ్మానాన్నలకు సమస్య కాదు. మా వయసు వారికి నాలుగున్నరకే మెలకువ వస్తుంది. కష్టమంతా మధ్యాహ్నం. ఏడింటికి బయలుదేరిన మనిషి ఒంటి గంటకు ఎండలో అలసిపోతాడు, అప్పుడు నడుం వాల్చడానికి చోటు లేకపోతే మిగిలిన రోజంతా కుటుంబానికి భారమవుతున్నానన్న బాధతో గడుస్తుంది. మొదటిసారి దూరంగా దిగినప్పుడు నాకు అదే జరిగింది. రెండోసారి వాళ్ళ హోటల్‌లోనే దిగాము. మధ్యాహ్నం నేనూ మా ఆవిడా వెనక్కి వెళ్ళి రెండు గంటలు పడుకుని సాయంత్రం బాణసంచా వేళకు తిరిగి వచ్చాము, ఎవరినీ దింపమని అడగవలసిన అవసరమే రాలేదు. మీరు చెప్పిన హోటల్ నుంచి హాలీవుడ్ స్టూడియోస్‌కు, ఎప్‌కాట్‌కు స్కైలైనర్ అనే తీగ మీద నడిచే బండి ఉంది. 2019 నుంచి నడుస్తున్నది. కూర్చునే వెళ్ళవచ్చు, చక్రాల కుర్చీతో కూడా ఎక్కనిస్తారు. ఉరుములు వచ్చినప్పుడు మాత్రం దానినీ ఆపుతారు, అప్పుడు బస్సు వేస్తారు.

అమ్మగారికి చక్రాల కుర్చీ తీసుకోవడానికి మొహమాటపడవద్దని చెప్పండి. నా భార్య మొదట ఒప్పుకోలేదు, ఒకరోజు కూర్చున్నాక రెండో రోజు తనే అడిగింది. పార్కు ద్వారం దగ్గరే అద్దెకు ఇస్తారు, చాలా రైడ్ల వరుసల్లోకి కుర్చీతోనే వెళ్ళవచ్చు. వికలాంగుల కోసం వేరుగా ఒక పాస్ ఉందని ఎవరైనా చెబితే దాని మీద ఆశ పెట్టుకోకండి. 2024 నుంచి అది ప్రధానంగా ఆటిజం వంటి ఎదుగుదల సమస్యలు ఉన్నవారికే ఇస్తున్నారు, మోకాళ్ళ నొప్పికి ఇవ్వరు.

ఆల్ఫరెట్టా నాన్న:

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తాతయ్య గారూ, మీ మాటలు నాన్నకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ, మధ్యాహ్నం గదికి ఎలా వెళ్ళాలో మ్యాప్‌లో చూపించమన్నారు.

డాలస్ కోడలు గారూ, వంటింటి సంగతి నేను నిజంగా ఆలోచించలేదు. నా భార్య మీ జవాబు రెండుసార్లు చదివింది.

ఇంకా కొన్ని సందేహాలు ఉన్నాయి. మా బాబు 39 అంగుళాలు ఉన్నాడు, వాడిని ఉదయం లేపి తీసుకెళ్తే ఎక్కడానికి ఏమైనా ఉంటుందా? దిగిన రోజు, ఖాళీ చేసే రోజు కూడా ముందు ప్రవేశం చెల్లుతుందా? డిస్నీ వారి దుకాణాల ప్రాంతం డిస్నీ స్ప్రింగ్స్ దగ్గర ఇతర కంపెనీల హోటళ్ళు తక్కువ ధరకు ఉన్నాయి, వాటికీ ఈ సదుపాయం ఉందని ఒక మిత్రుడు అన్నాడు, నిజమేనా?

టాంపా నివాసి:

39 అంగుళాలంటే మైన్ ట్రైన్‌కు, స్లింకీ డాగ్‌కు సరిపోతుంది, రెండింటికీ 38 చాలు. పీటర్ పాన్‌కు ఎత్తు నిబంధనే లేదు. స్టార్ వార్స్ ప్రాంతంలోని రైజ్ ఆఫ్ ది రెసిస్టెన్స్‌కు 40 కావాలి కనుక ఒక్క అంగుళంలో తప్పిపోతుంది. యానిమల్ కింగ్‌డమ్‌లోని ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌కు 44. అటువంటి చోట రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పాపతో వెళ్ళి వచ్చేవరకు రెండోవారు బాబుతో బయట ఉంటే, ఆ తరువాత ఆ రెండోవారు మొత్తం వరుసలో మళ్ళీ నిలబడకుండా వెళ్ళవచ్చు. అమ్మానాన్నలు బాబును చూసుకుంటామన్నా సరే, మొదటి రోజు మీరే చూసుకోండి, ఆ జనంలో వారికి కంగారుగా ఉంటుంది.

దిగే రోజూ ఖాళీ చేసే రోజూ రెండూ చెల్లుతాయి. కాబట్టి మీ నాలుగు రాత్రులకు ఐదు ఉదయాలు వస్తాయి. గది మధ్యాహ్నం మూడింటికి ఇస్తారు, అంతవరకు సామాను హోటల్ వారి దగ్గర పెట్టి వెళ్ళవచ్చు. అట్లాంటా నుంచి 440 మైళ్ళు ఉంటుంది కనుక, మొదటి ఉదయాన్ని వాడుకోవాలంటే ముందు రాత్రి దారిలో ఎక్కడైనా చవకగా ఆగి తెల్లవారగానే బయలుదేరాలి. పెద్దవారితో అది వద్దనిపిస్తే ఆ ఒక్కటి వదులుకోండి. చివరి రోజు ఉదయాన్ని మాత్రం వదలకండి.

డిస్నీ స్ప్రింగ్స్ దగ్గరి ఆ హోటళ్ళకు ముందు ప్రవేశం ఉన్న మాట నిజమే. స్వాన్, డాల్ఫిన్ హోటళ్ళకూ ఉంది. కానీ అలాంటి చోట్ల రిసార్ట్ ఫీజు, హోటల్ పార్కింగ్ విడిగా వేస్తారు, పార్కుల దగ్గర పార్కింగ్ కూడా కట్టవలసి రావచ్చు, చివరి బిల్లు చూసి పోల్చండి. లైట్నింగ్ లేన్ విషయంలో డిస్నీ సొంత హోటళ్ళ వారు, ఎంపిక చేసిన మరికొన్ని హోటళ్ళ వారు దిగడానికి ఏడు రోజుల ముందే బస మొత్తానికీ వేళలు ఎంచుకోవచ్చు, బయటివారికి మూడు రోజుల ముందు మాత్రమే తెరుస్తారు. జూన్‌లో ఆ నాలుగు రోజుల తేడా చిన్నది కాదు, స్లింకీ డాగ్‌కు మంచి వేళలు మొదటే అయిపోతాయి. డిస్నీ గుర్తింపు ఉన్న బయటి హోటళ్ళకు ఇచ్చే "గుడ్ నైబర్" అనే పేరుతో బోర్డు పెట్టుకున్న హోటల్ కనిపించగానే ముందు ప్రవేశం ఉంటుందనుకోకండి. ఆ పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదు.

మరొక జాగ్రత్త. మేము ఒకసారి తక్కువ ధర చూపిన బయటి వెబ్‌సైట్‌లో గది తీసుకున్నాము. ఉదయం కోట దగ్గర స్కాన్ చేస్తే మా బస వివరాలు కనిపించలేదు. పక్కకు నిలబెట్టి మాట్లాడి పంపేసరికి ఇరవై నిమిషాలు పోయాయి, పిల్లల ముఖాలు చిన్నబోయాయి. గది ఎక్కడ తీసుకున్నా ధ్రువీకరణ సంఖ్యను మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్‌లో ముందు రోజే కలపండి. ఆరుగురి టికెట్లూ అక్కడే కనిపించాలి.

పాటర్ అభిమాని:

అడిగింది డిస్నీ గురించే అయినా, పాపకు తొమ్మిదేళ్ళు కనుక హ్యారీ పాటర్ చూడాలని తప్పక అడుగుతుందనిపించి రాస్తున్నాను. హ్యారీ పాటర్ ఉన్నది డిస్నీలో కాదు, అదే ఊరిలోని మరో కంపెనీ పార్కులు యూనివర్సల్ ఓర్లాండోలో. అక్కడ కూడా వారి హోటళ్ళలో దిగినవారికి ముందు ప్రవేశం ఇస్తారు. ఏ రోజు ఏ పార్కులో ఇస్తారో అక్కడ మారుతూ ఉంటుంది, ముందు రోజు చూసుకోవాలి.

ఆ ముందు ప్రవేశం కంటే విలువైనది మరొకటి ఉంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు ఖరీదైన హోటళ్ళలో దిగితే, గదిలో నమోదైన ప్రతి ఒక్కరికీ పాత రెండు పార్కుల్లో అపరిమిత ఎక్స్‌ప్రెస్ పాస్, అంటే తక్కువ జనం ఉండే వేరే వరుసలో వెళ్ళే పాస్, ఉచితం. అది దిగే రోజుకూ ఖాళీ చేసే రోజుకూ కూడా వర్తిస్తుంది కనుక ఒక్క రాత్రి ఉంటే రెండు రోజులు వాడుకోవచ్చు. విడిగా కొంటే ఆ పాస్‌కు తలకు ఎంత అవుతుందో చూసి, ఆరుగురికి లెక్కకట్టి గది అద్దెతో పోల్చండి. ఒక గదిలో ఆరుగురిని ఉండనివ్వరు, రెండు గదులు కావాలి. 2025 మే నెలలో తెరిచిన కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో ఆ ఉచిత పాస్ చెల్లదు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఉదయం అందరికంటే ముందు పరుగెత్తడం కంటే, రోజులో ఎప్పుడు వెళ్ళినా తక్కువసేపు నిలబడడమే మేలని నా అభిప్రాయం.

ఆల్ఫరెట్టా నాన్న:

అందరి సలహాలూ విన్నాక నిర్ణయం తీసుకున్నాము. ఆర్ట్ ఆఫ్ యానిమేషన్‌లో సూట్ తీసుకున్నాము, కానీ నాలుగు రాత్రులకు బదులు మూడే. దానితో ఖర్చు తేడా చాలావరకు సర్దుకుంది. మూడు రాత్రులకు నాలుగు ఉదయాలు ఉన్నా, మొదటిది ప్రయాణానికి వదిలేసి మిగిలిన మూడూ వాడుకుంటాము. ఒకరోజు మ్యాజిక్ కింగ్‌డమ్, ఒకరోజు హాలీవుడ్ స్టూడియోస్, చివరి ఉదయం యానిమల్ కింగ్‌డమ్. అమ్మానాన్నలు మొదటి రెండు రోజులూ మధ్యాహ్నం గదికి వెళ్ళి పడుకుంటారు. యూనివర్సల్‌ను శీతాకాలానికి ఉంచుకున్నాము, పాప అందుకు ఒప్పుకుంది.

ఒక్కటే మిగిలింది. నాన్నకు మధ్యాహ్నం పెరుగన్నం లేకపోతే గడవదు. పార్కులోకి తీసుకెళ్ళనిస్తారా?

డాలస్ కోడలు:

తప్పకుండా తీసుకెళ్ళవచ్చు, మేము రోజూ తీసుకెళ్ళాము. గాజు డబ్బా మాత్రం వద్దు, లోపలికి పంపరు. విడి ఐసు ముక్కలు కూడా అనుమతించరు కనుక గడ్డకట్టించే జెల్ ప్యాక్‌లు రెండు పెట్టుకోండి. అన్నం ఉదయం కలిపేటప్పుడు పెరుగు తక్కువ, పాలు ఎక్కువ పోస్తే మధ్యాహ్నానికి పులవకుండా ఉంటుంది. సూట్‌లో పొయ్యి ఉండదు కాబట్టి అన్నం మైక్రోవేవ్‌లో వండే ప్లాస్టిక్ గిన్నె ఒకటి కారులో వేసుకోండి. ఒక కప్పు బియ్యానికి మా మైక్రోవేవ్‌లో పద్దెనిమిది నిమిషాలు పట్టింది, కాబట్టి ఉదయం ఆరింటికే పెట్టేయండి.